యాభై తొమ్మిది మంది, ఒకే ప్రశ్న

వైద్య పత్రికల్లో అప్పుడప్పుడూ ఒక వ్యాసం తన పనితనంతోనే కట్టిపడేస్తుంది. హాంకాంగ్‌లోని ప్రిన్సెస్ మార్గరెట్, ట్యూన్ మున్ ఆసుపత్రుల వైద్యులు 2008లో ‘బీజేయూ ఇంటర్నేషనల్’లో ప్రచురించిన అధ్యయనం అలాంటిది. సరదాకి కెటమైన్ తీసుకునే యువత మూత్రాశయం ఎలా పాడవుతుందో అందులో చూపించారు.

కెటమైన్ నిజానికి గొప్ప మందు. 1962లో అమెరికాలో కాల్విన్ స్టీవెన్స్ దీన్ని తయారుచేశారు. ఊపిరినీ రక్తపోటునూ పెద్దగా కుంగదీయకుండా ఆపరేషన్ నొప్పి తెలియనివ్వదు. పార్టీల్లో దాన్ని ముక్కుతో పీల్చేవాళ్లకు కావలసింది వేరు: ఒంటికీ మనసుకూ లంకె తెగిపోయిన భావన. మోతాదు మించితే ఒళ్లు కదలదు, పిలిస్తే పలకరు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మద్యం తోడైతే ఊపిరికే ముప్పు. ఇవన్నీ వైద్యులకు తెలిసినవే. ఏళ్ల తరబడి వాడితే మూత్రాశయానికి ఏమవుతుందన్నదే అప్పటికి పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి.

2000 నుంచి 2007 వరకు వచ్చిన 59 మందిని ఈ వైద్యులు పరిశీలించారు. మాటిమాటికీ మూత్రం, మంట, ఆపుకోలేకపోవడం, కొందరికి నెత్తురు. చూడగానే ఎవరైనా ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాసి పంపేస్తారు. వీళ్లు అక్కడ ఆగలేదు. సన్నటి కెమెరా గొట్టంతో లోపల చూసే సిస్టోస్కోపీలో 42 మందికి మూత్రాశయం లోపలి పొర వాచి కనిపించింది. మూత్రాశయం ఎంత పట్టగలదో, ఎంత ఒత్తిడికి ముడుచుకుంటుందో కొలిచారు. తర్వాత అల్ట్రాసౌండ్‌తో పైకి వెళ్లి కిడ్నీలూ చూశారు. 30 మందికి ఒక కిడ్నీగానీ రెండూగానీ ఉబ్బి ఉన్నాయి. 8 మందికి రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీల పని మందగించిందన్న సూచన. ఒక్కో పరీక్షా ముందుదాని నుంచి పుట్టిందే. అనవసరమైనది ఒక్కటీ లేదు.

ఇంత సాక్ష్యం చేతిలో ఉన్నా వాళ్లు తొందరపడలేదు. శీర్షికలో ‘కొత్త వ్యాధా?’ అని ప్రశ్నగానే ఉంచారు. మందు నేరుగా పొరను కాలుస్తోందా, సన్నటి రక్తనాళాలు దెబ్బతింటున్నాయా, శరీరమే తన మీద తిరగబడుతోందా అని అవకాశాలన్నీ పాఠకుడి ముందు పెట్టారు. వీధిలో అమ్మే పొడిలో కలిపే కల్తీ సరుకే కారణమేమో అన్న అనుమానం సహజం. కానీ 2007లోనే కెనడాలోని టొరంటో వైద్యులు తొమ్మిది మందిలో ఇలాంటి జబ్బునే నమోదు చేశారు. అంత దూరాన, వేరే అమ్మకందార్ల సరుకు వాడినవాళ్లకూ అదే గతి పట్టిందంటే వేలు కెటమైన్ వైపే చూపుతుంది.

ఈ జబ్బులో అతి క్రూరమైన మెలిక ఒకటుంది. మూత్రాశయం నొప్పి తగ్గడానికి కెటమైనే పనికొస్తుంది. తగ్గించుకోవడానికి పీల్చే ప్రతి మోతాదూ జబ్బును ముదరబెడుతుంది. తొలిదశలో మానేస్తే చాలామంది కోలుకుంటారు. ముదిరి మూత్రాశయం కుంచించుకుపోతే పేగు ముక్క అతికించి పెద్దది చేయాల్సి వస్తుంది.

మన దేశంలో 2011లో కెటమైన్‌ను మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. చట్టం సరుకును పట్టుకుంటుంది, జబ్బును పట్టుకోవలసింది వైద్యులే. కుర్రవాడు మూత్రం బాధతో వస్తే, మూత్రం కల్చర్ పరీక్షలో సూక్ష్మజీవులేవీ కనిపించకపోతే, డాక్టర్లు కోప్పడకుండా కెటమైన్ గురించి అడగాలి. వాడుతున్నవారు దాచకుండా చెప్పాలి, ఆ రోజే మానాలి. హాంకాంగ్ వైద్యుల శ్రమకు మనం ఇవ్వగలిగిన గౌరవం అదే.