పై నుంచి ఎవరూ అడగని అరగంట

2002లో గూగుల్ ఒక ప్రయోగం చేసింది. ఇంజనీర్లకు మేనేజర్లు దేనికి, పనికి అడ్డం తప్ప అనుకుని ఆ అంతస్తునే ఎత్తేసింది. కొన్ని నెలలకే అది మూలపడింది. ఖర్చుల బిల్లులు ఎవరు పాస్ చేయాలి, పక్కవాడితో పేచీ వస్తే ఎవరికి చెప్పుకోవాలి అంటూ జనం నేరుగా కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ దగ్గరికే వెళ్లడం మొదలుపెట్టారు మరి.

ఇంకొన్నేళ్లకు అదే కంపెనీ ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో, మంచి మేనేజరంటే ఎవరో లెక్క తీసింది. తేలిన 8 లక్షణాల్లో మొదటిది దగ్గరుండి నేర్పించగలగడం. రెండోది ప్రతిదాంట్లో వేలు పెట్టకపోవడం. సాంకేతిక నైపుణ్యం చిట్టచివరిది. మన దగ్గర మేనేజర్లను ఎంచే తీరు చూస్తే ఆ జాబితాను తలకిందులుగా చదివామేమో అనిపిస్తుంది. బాగా కోడ్ రాసేవాడికి బహుమతిగా కోడ్ రాయనక్కర్లేని ఉద్యోగం ఇస్తాం. అతనూ వద్దనడు. జీతం పెరిగేది అటువైపే. పైగా పెళ్లి సంబంధాల్లో "అబ్బాయి కింద పదిమంది పనిచేస్తారట" అనే మాటకుండే విలువ వేరు.

నేను టీమ్ నడిపిన రోజుల్లో డెడ్‌లైన్లు పెద్ద బాధ అనిపించలేదు. బాధంతా అప్రైజల్ సీజన్లోనే. కాలిబ్రేషన్ మీటింగ్‌లో మేనేజర్లంతా కూర్చుంటారు. ఏ రేటింగ్ ఎంత శాతం మందికో ముందే వచ్చేసి ఉంటుంది, మనుషుల్ని అందులో సర్దాలి. నా మనిషి ఒక మెట్టెక్కితే ఇంకొకరి మనిషి దిగాలి. "ఈ ఏడాది అందరూ బాగానే చేశారు" అనడానికి ఆ షీట్‌లో గడి ఉండదు. తర్వాత ఆ రేటింగ్‌కు ఒక కారణం వెతికి మర్యాదగా చెప్పాలి. "విజిబిలిటీ ఇంకాస్త పెంచుకో" అనే సలహా పుట్టేది అక్కడే. దాని అర్థం చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు.

మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని ఏళ్ల తరబడి మోసింది. 2012లో వ్యానిటీ ఫెయిర్ పత్రికతో మాట్లాడిన ఆ కంపెనీ ఉద్యోగులు అన్నిటికంటే ఎక్కువగా తిట్టింది దీన్నే. గట్టి ఇంజనీర్లు తమలాంటి గట్టివాళ్లున్న టీమ్‌లోకి వెళ్లడానికి వెనకాడేవారు. పోటీ పక్క సీటుతోనే అయినప్పుడు ఆపిల్‌తో పోటీ ఎవరికి గుర్తుంటుంది? 2013 నవంబర్‌లో కంపెనీ దాన్ని ఎత్తేసింది. (ఆ పుణ్యం సత్య నాదెళ్ల ఖాతాలో వేయాలని మనకుంటుంది గానీ, ఆయన సీఈవో అయింది 2014 ఫిబ్రవరిలో.) అయితే శాతాలు పోయినా హైక్‌లకు కేటాయించే సొమ్ము ముందే ఖరారయ్యే చోట పాత షీటే పేరు మార్చుకుని మేనేజర్ ముందుకొస్తుంది.

ఇప్పుడు గాలి మళ్లీ 2002 వైపు తిరిగింది. 2023లో మెటా చాలామంది మేనేజర్లను మామూలు ఇంజనీర్లుగా మారమంది. 2024లో అమెజాన్, మేనేజర్లతో పోలిస్తే కింద పనిచేసేవాళ్ల నిష్పత్తిని కనీసం 15 శాతం పెంచాలంది. అంతస్తులు ఎక్కువైన మాట నిజమే. ఒక్క అప్రూవల్ కోసం ఐదుగురి చుట్టూ తిరిగినవాళ్లెవరూ కాదనరు. కానీ మిగిలిన మేనేజర్ కింద 20 మంది చేరితే, ఒక్కొక్కరితో వారానికి అరగంట మాట్లాడినా 10 గంటలు. నేను చూసిన క్యాలెండర్లన్నిటిలో మొదట రద్దయ్యేది ఆ అరగంటే. కస్టమర్ కాల్ రద్దయితే సంజాయిషీ ఇచ్చుకోవాలి, దీన్ని రద్దు చేస్తే పై నుంచి ఎవరూ అడగరు.