పైన నీళ్లు, కింద నీళ్లు

ఆదికాండం మొదటి అధ్యాయం చదివేటప్పుడు పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోవడం నాకు అలవాటు. వచనం ఎలా చెబితే అలా గీస్తాను. బడిలో చూసిన గ్లోబు గుర్తొస్తే పక్కకు నెడతాను. కింద నీళ్లు, పైనా నీళ్లు, రెంటికీ మధ్య గట్టి కప్పులా ఆకాశం. ఏడో అధ్యాయంలో జలప్రళయం వచ్చేసరికి ఆ కప్పుకు తూములు కూడా కనిపిస్తాయి. అవి తెరుచుకుంటే పై నీళ్లు కిందికి దూకుతాయి. బొమ్మ పూర్తయ్యాక చూస్తే ఇప్పటి ఖగోళశాస్త్రంతో ఎక్కడా పొత్తు కుదరదు.

కుదరాల్సిన పనీ లేదు. ఆ బొమ్మ ఇశ్రాయేలీయుల సొంతం కాదు, ఆ కాలంలో ఆ ప్రాంతమంతటిదీ. నీనెవె శిథిలాల్లో దొరికిన మట్టి పలకల మీది బాబిలోను సృష్టికథను జార్జ్ స్మిత్ 1876లో పుస్తకంగా తెచ్చాడు. ‘ఎనూమా ఎలిష్’ అనే ఆ కథలో మర్దుక్ దేవుడు సముద్రదేవత తియామత్‌ను చంపి, రెండుగా చీల్చి, ఒక సగాన్ని ఆకాశంగా కప్పుతాడు. నీళ్లు కారిపోకుండా కాపలా కూడా పెడతాడు! ఈజిప్టులోనైతే నూత్ అనే దేవతే ఒళ్లు వంచి భూమికి పైకప్పయింది.

ఇంటి నక్షా ఒకటే, కాపురమే వేరు. ఆదికాండంలో యుద్ధం లేదు, శవం లేదు. దేవుడు మాట అంటాడు, నీళ్లు విడిపోతాయి. సూర్యచంద్రులు నాలుగో రోజుకు గానీ రారు. వచ్చినా రచయిత పేరు పెట్టి పిలవడు: పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి, అంతే. చుట్టుపక్కల జనం మొక్కే దేవుళ్లకు దీపాల కొలువు ఇచ్చాడన్నమాట. పొరుగువాళ్ల కథలు తెలియకపోతే ఈ కొంటెతనం మన కంటపడదు.

అలాగని బైబిలంతా ఒకే గొంతు కాదు. 74వ కీర్తనలో దేవుడు లెవియాతాన్ అనే సముద్రపు రాక్షసి తలలు చితగ్గొడతాడు. సిరియాలోని ఉగరిత్ పలకల్లో ఉన్న ఏడు తలల సర్పానికి అది దగ్గరి చుట్టం.

సైన్సు వెతక్కుండా బైబిలును ఇలా చదవడం నిన్నమొన్నటి ఫ్యాషనేం కాదు. శనిగ్రహం చంద్రుడి కంటే పెద్దదని శాస్త్రజ్ఞులు నిరూపించినా, ఆదికాండ కర్తగా చెప్పే మోషే మాత్రం సామాన్యుడి కంటికి కనిపించినట్టే రాశాడని క్రైస్తవ మత సంస్కర్త కాల్విన్ 1554లోనే తన ఆదికాండ వ్యాఖ్యానంలో అన్నాడు.

వాట్సాప్‌లో మాత్రం యోబు 26వ అధ్యాయం తిరుగుతూనే ఉంటుంది. భూమి శూన్యంలో వేలాడుతోందని ఏడో వచనం ముందే చెప్పేసిందట. (పురాణాల్లో విమానాలు వెతికేవాళ్లదీ ఇదే జబ్బు.) పంపినవాళ్లను ఇంకో నాలుగు వచనాలు చదవమంటాను. అక్కడ దేవుడి గద్దింపుకు ఆకాశపు స్తంభాలు గడగడ వణుకుతుంటాయి.