తుప్పును చదివే చేతులు

అమెరికా అటవీశాఖ పాత బోర్డులు సేకరించేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. అడవికి నిప్పు పెట్టొద్దని చెప్పే ఒక్క రేకు ముక్క కోసం పాతసామాన్ల సంతలన్నీ గాలిస్తారు. ఆ ప్రచారానికి గుర్తుగా 1944లో పుట్టిన బొమ్మ స్మోకీ ఎలుగుబంటి, తొలి పోస్టర్‌లో నెగడు మీద బకెట్‌తో నీళ్లు కుమ్మరిస్తూ కనిపించింది. దాని తలమీది టోపీ కంటబడితే చాలు, వీళ్ల కాళ్లు ఆగిపోతాయి.

కొనేముందు వాళ్ల పరీక్ష చూడాలి. ఎనామిల్ బోర్డయితే మేకు బెజ్జం చుట్టూ గోరుతో తడుముతారు. ఇనుప రేకు మీద గాజుపొడిని కాల్చి కరిగించిన పూత అది. ఎండకు తొందరగా వెలిసిపోదు, దెబ్బ తగిలితే పెచ్చులూడుతుంది. బిగించినచోట పెచ్చు లేచి, కింద తుప్పు నల్లగా ముదిరి ఉంటే ముఖం వెలుగుతుంది. తుప్పు అంతటా ఒకేలా పులిమినట్టుంటే పెదవి విరుస్తారు. అడవిలోంచి ఊడబెరికిందని అనుమానమొస్తే అసలు ముట్టరు.

ఇంటికి తెచ్చాక మెత్తగా తుడుస్తారు గానీ కొత్త రంగు వెయ్యరు. ఆ మచ్చలే కదా దాని వయసు!