చిలుకలో దాచిన ప్రాణం

బాలనాగమ్మ కథ ఒక అపహరణ కేసు. పానుగంటి రాజ్యంలో మగవాళ్ళంతా దండు వెళ్ళారు. ఇంట్లో కార్యవర్ధిరాజు ఇల్లాలు బాలనాగమ్మ, ఉయ్యాలలో పసికందు. వాకిట్లో భిక్షకు నిలబడిన జంగమయ్య నిజానికి మాయల ఫకీరు. భిక్ష వేయడానికి వచ్చిన ఆమెను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్ళిన భర్త, అతని అన్నలు, వెంట నడిచిన సైన్యం అందరూ రాళ్ళైపోతారు. కేసు అక్కడితో మూతపడుతుంది. ఏళ్ళ తరవాత ఆ ఉయ్యాలలోని పిల్లవాడే, బాలవర్ధిరాజు, మా అమ్మ ఏదని అడగడంతో మళ్ళీ తెరుచుకుంటుంది.

అక్కణ్ణుంచి జరిగేదంతా పరిశోధనే. బాలవర్ధి కత్తి పట్టుకుని గట్టు మీదికి ఎక్కడు. ఫకీరు ఇంటికి రోజూ పూలు చేరవేసే తంబళ్ళ పెద్ది దగ్గర మనవడిగా చేరతాడు. పూల బుట్టతో లోపలికి వెళ్ళి తల్లిని గుర్తుపడతాడు. ఫకీరును చంపాలంటే వాడి ప్రాణం ఎక్కడుందో తెలియాలి. ఆ సంగతి రాబట్టగలిగేది లోపలున్న మనిషి ఒక్కతే. నోము ఉందని చెప్పి అన్నేళ్ళూ ఫకీరును దూరంగా నిలబెట్టిన బాలనాగమ్మ, ఇక మనసు మారినట్టు నటించి వాడి నోటితోనే గుట్టు చెప్పిస్తుంది: ఏడు సముద్రాల అవతల, ఒక చిలుకలో. మారువేషం, లోపలి మనిషి, నేరస్థుడి నోటి నుంచి వచ్చిన ఒప్పుకోలు, చివరికి వస్తువు స్వాధీనం. ఇవాళ్టి టీవీ నేరకథకు కావలసిన సరుకంతా ఇందులో ఉంది.

జానపద కథల్లోని చీకటిని తీసుకుని పోలీసు కథగా మలచడం పాశ్చాత్య టెలివిజన్‌లో బాగా ఆడిన పద్ధతి. అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్ 2011 అక్టోబరు నుంచి 2017 మార్చి దాకా ఆరు సీజన్లుగా, 123 భాగాలుగా ప్రసారం చేసిన ‘గ్రిమ్’ దానికి పేరున్న ఉదాహరణ. పోర్ట్‌లాండ్ నగరంలో హత్యల విభాగం డిటెక్టివ్ నిక్ బర్క్‌హార్ట్‌కు మామూలు మనుషుల ముఖాల వెనక దాగిన మృగరూపాలు కనబడతాయి. మొదటి భాగమే ఎర్ర టోపీ పిల్ల, తోడేలు కథ. ఎర్ర దుస్తులేసుకుని అడవిదారిన పరుగెత్తుతున్న అమ్మాయి హత్యకు గురవుతుంది, ఆ తరవాత ఒక చిన్నపిల్ల మాయమవుతుంది. ఈ ధారావాహికకు పేరిచ్చిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథల్లో ఒకదాంట్లో పిల్లల్ని అడవిలో వదిలేయమన్నది కన్నతల్లే. తరవాతి ముద్రణల్లో ఆమె సవతితల్లి అయింది. అచ్చులోకి వచ్చాక కథలు ఇలా మెత్తబడ్డాయి. టెలివిజన్ ఆ మెత్తదనాన్ని మళ్ళీ ఒలిచేసింది.

తెలుగులో బాలనాగమ్మ కథకు ఆ ఒలుపు అవసరం రాలేదు. అది పుస్తకం కంటే ముందు గొంతులో బతికింది, గొంతులో మెత్తబడలేదు. ఉత్తరాంధ్రలో దాన్ని నిలబెట్టిన కళల్లో ముఖ్యమైనది జముకుల కథ. జముకు చిన్న వాద్యం. ఒక పక్క తోలు బిగించిన గుండ్రటి పెట్టె, తోలు నడుమ నుంచి సాగిన నరం. చంకలో ఇరికించుకుని, ఆ నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే శబ్దం మూలిగినట్టు కిందికీ మీదికీ పోతుంది. పక్కనే ఎవరో ఏడుపు దిగమింగుతున్నట్టు ఉండే ఆ ధ్వని భయం, దిగులు చెప్పడానికి పుట్టినట్టే ఉంటుంది. కథకుడు కాళ్ళకు గజ్జెలు కట్టి అడుగు వేస్తూ చెబుతాడు, వంతవాళ్ళు అందుకుంటారు.

ఈ వంత అన్నది కథనంలో చాలా బలమైన పనిముట్టు. జముకుల కథలోనూ బుర్రకథలోనూ వంతకాడు పాట అందుకోవడంతో ఆగడు, అడుగుతాడు. ఎందుకెళ్ళింది? ఎవరితో వెళ్ళింది? కాపలా ఉండవలసిన తలారి అప్పుడు ఎక్కడున్నాడు? కథ తెలియనివాళ్ళ అనుమానాలు, తెలిసినవాళ్ళ కోపాలు అన్నీ అతని నోట వస్తాయి. డిటెక్టివ్ కథలో సహాయకుడు చేసే పని సరిగ్గా ఇదే. పరిశోధకుడు తన ఆలోచన పైకి చెప్పడానికి ఒక చెవి కావాలి, ప్రేక్షకుడి తరఫున తెలియనట్టు అడగడానికి ఒక నోరు కావాలి. బుర్రకథను 1940లలో ప్రజానాట్యమండలి వేదికల మీద కొత్త ఎత్తుకు తీసుకెళ్ళిన షేక్ నాజర్ కాలానికి ఆ వంతల్లో ఒకటి హాస్యానికి, రెండోది రాజకీయానికి స్థిరపడింది. ఒకరు నవ్విస్తూ అడుగుతారు, మరొకరు కథలోని అన్యాయాన్ని ఇవాళ్టి అన్యాయంతో ముడివేసి అడుగుతారు. నేరకథ ఆరోగ్యంగా ఉండాలంటే ఆ రెండో గొంతు తప్పనిసరి.

రెండో పనిముట్టు, దోషి ఎవరో ముందే చెప్పేయడం. బాలనాగమ్మను ఎత్తుకుపోయింది ఎవరో మొదటి రాత్రే అందరికీ తెలుసు. అయినా జనం రెండో రాత్రి, మూడో రాత్రి వచ్చి కూర్చుంటారు. ఉత్కంఠంతా ‘ఎవరు’ అన్న ప్రశ్న దాటి ‘ఎలా’ దగ్గర ఉంటుంది. ఆ ‘ఎలా’ను సాగదీయగలిగినంత సాగదీసి, బాలవర్ధి పూల బుట్టతో గట్టు మెట్ల మీద ఉండగా ఆ రాత్రికి కథ ఆపగలగడం కథకుడి నేర్పు. వారం వారం వచ్చే ధారావాహిక చివరి నిమిషంలో చేసేది ఇంతకంటే ఎక్కువేమీ లేదు.

మూడోది చిలుక. ప్రాణాన్ని ఒంటి బయట దాచడం ప్రపంచమంతటా ఉన్న కథాసూత్రం. రష్యన్ కథల్లో కశ్చేయ్ చావు సూది మొనలో, ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో. తెలుగు చిలుక అంత చిక్కుముడి కాకపోయినా దానికీ ఫకీరుకూ మధ్య ఏడు సముద్రాలున్నాయి. నేరకథ రాసేవాళ్ళకు ఇందులో ఉన్న పాఠం గొప్పది: బలవంతుడైన నేరస్థుడిని ఎదురెదురుగా ఓడించలేరు. అతని బలం మరెక్కడో, అతనికీ దానికీ సంబంధమే లేదనిపించే చోట ఉంటుంది. ఒక బ్యాంకు ఖాతాలో, ఒక బినామీ పేరులో, పాత రిజిస్టర్‌లోని ఒక పేజీలో. పరిశోధన అంటే ఆ చోటు కనుక్కోవడం. సినిమాలు ఈ కథను బాలవర్ధి సాహసంగా చూపించడానికే మొగ్గాయి, కాని చిలుక జాడ రాబట్టింది బాలనాగమ్మ. ఏళ్ళ తరబడి శత్రువు ఇంట్లో బతుకుతూ, లొంగకుండా, చివరికి మాటతో వాడిని గెలిచిన ఆమెదే సగం పరిశోధన. కొత్తగా ఈ కథను తెరకెక్కించేవాళ్ళు ఆమె వైపు నుంచి మొదలుపెట్టాలి.

తెర మీదికి ఈ కథ తొందరగానే వచ్చింది. 1942లో జెమినీ సంస్థ చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో తీసిన ‘బాలనాగమ్మ’లో కాంచనమాల నాయిక, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, అంటే కథలోని ఫకీరు. ఆ మరాఠీ పాత్ర తెలుగు ప్రతినాయకుడికి ఒక అచ్చు పోసింది. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ఎన్.టి.రామారావు, అంజలీదేవిలతో మళ్ళీ వచ్చింది. రెండూ మాయలనూ పాటలనూ బాగా పట్టుకున్నాయి. కేసును మాత్రం పక్కన పెట్టాయి.

కేసును వదలని కథలు వేరే ఉన్నాయి, అవి బేతాళ కథలు. చందమామ చదివి పెరిగిన తరాలకు వాటి చట్రం కంఠతా వచ్చు. విక్రమార్కుడి భుజం మీద శవం, అందులో బేతాళుడు, దారి పొడుగునా ఒక కథ, కథ చివర ఒక ప్రశ్న. తెలిసి చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెబితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. పాత బేతాళ కథల్లో ఒకదాన్ని నేరకథ రాసేవాళ్ళంతా చదవాలి. ఒక గద్ద పామును పట్టుకుని ఎగురుతోంది. చస్తున్న పాము నోటి నుంచి విషపు చుక్క జారి కింద ఒక బ్రాహ్మణుడి అన్నంలో పడింది. ఆ అన్నం పెట్టింది ఒక ఇల్లాలు. తిన్న మనిషి చనిపోయాడు. పాపం ఎవరిది? పాము ప్రాణభయంలో ఉంది. గద్ద తన ఆహారం తను తీసుకుపోతోంది. ఇల్లాలికి ఏమీ తెలియదు. రాజు తీర్పు ఇది: ముందూ వెనకా ఆలోచించకుండా వీళ్ళలో ఎవరినైనా దోషి అన్నవాడిదే పాపం.

ఈ తీర్పు ఎంత పదునైనదో విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ 2023లో చూసింది. ఆ ఏడాది నవంబరు 19 రాత్రి జెట్టీ దగ్గర ఒక బోటుకు అంటుకున్న మంట పక్కపక్కనే కట్టి ఉన్న బోట్ల మీదికి పాకింది. నింపిన డీజిలు, వంటకు పెట్టుకున్న గ్యాస్ సిలిండర్లు, నైలాన్ వలలు ఉన్నచోట మంటకు అడ్డేముంది. సుమారు 40 మరబోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు వెనక యజమానితో పాటు సరంగు, కళాసీలు, చేపలు అమ్ముకునే ఆడవాళ్ళ కుటుంబాలు ఉంటాయి. తెల్లవారేసరికి ఎవరో ఒకరు దోషిగా కావలసి వచ్చింది. అనుమానం మొదట ఒక యువకుడి మీదికి మళ్ళింది, అతనే చేశాడన్న మాట ఊరంతా తిరిగింది. దర్యాప్తు ముందుకు సాగాక పోలీసులు చెప్పిన కారణం వేరు. వేరే ఇద్దరు బోటు మీద కూర్చుని కాల్చి పారేసిన సిగరెట్ పీక పక్క బోటులోని వల మీద పడి రాజుకుంది. పాము నోటి నుంచి జారిన విషపు చుక్కకూ ఈ సిగరెట్ పీకకూ పెద్ద తేడా లేదు, నిర్లక్ష్యం ఒక్కటి తప్ప. నలభై బోట్లంత పెద్ద నష్టానికి అంతే పెద్ద దుర్మార్గుడు ఉండితీరాలని మనసు పట్టుబడుతుంది. బేతాళుడు నిలదీసేది ఆ పట్టుదలనే.

హార్బరు ఇలాంటి కథకు తగిన చోటు కావడానికి మరో కారణం కూడా ఉంది. ఇక్కడ చేపలు పట్టడాన్ని వేట అంటారు. వేటకు వెళ్ళినవాళ్ళు రోజుల తరబడి కంటికి కనబడరు, వస్తే చేప వస్తుంది, లేకపోతే ఎదురుచూపు మిగులుతుంది. వేట సరిగా పడకపోయినా, ఇంట్లో జబ్బు చేసినా కారణం ఏమిటని అడిగే అలవాటు జాలరి కుటుంబాల్లో పాతది. విశాఖ తీరంలో జాలరుల మధ్య పనిచేసిన అమెరికన్ మానవశాస్త్రవేత్త చార్లెస్ నకోల్స్ ఈ విచారణ పద్ధతి మీద విస్తారంగా రాశారు. సోదె చెప్పేవాళ్ళ దగ్గర మొదలైన ప్రశ్న అమ్మవారికి ఏం లోటు జరిగిందనే దగ్గరికి వస్తుంది, అక్కణ్ణుంచి ఆ లోటు ఎందుకు జరిగిందనే దగ్గరికి, చివరికి విడిపోయిన అన్నదమ్ముల తగువు దగ్గరికి వచ్చి ఆగుతుంది. దేవత కోపం వెనక మనుషుల కోపం బయటపడుతుంది. ఒక మంచి నేరకథ నడవవలసిన దారి ఇదే.

ఇటీవలి తెలుగు తెర ఈ దారి వైపు చూస్తోంది. 2021లో వచ్చిన ‘మా ఊరి పొలిమేర’ చేతబడిని నేరంతో కలిపింది. విక్రమ్ కె. కుమార్ 2023 డిసెంబరులో తెచ్చిన ‘దూత’ ఎనిమిది భాగాల్లో, జరగబోయే చావును పేపరు ముక్కలు ముందే చెప్పేస్తే ఒక జర్నలిస్టు ఏమవుతాడో చూపింది. 2024 నవంబరు 28న జీ5లో విడుదలైన ‘వికటకవి’, ప్రదీప్ మద్దాలి దర్శకత్వంలో, ఈ మూడింటిలోనూ జానపదానికి దగ్గరగా ఉంది. అమరగిరి అనే ఊళ్ళో దేవతల గుట్ట మీదికి వెళ్ళినవాళ్ళు జ్ఞాపకం పోగొట్టుకుని వస్తుంటారు, అమ్మవారి శాపమని ఊరు నమ్ముతుంది. అక్కడికి వచ్చే యువ డిటెక్టివ్ పేరు రామకృష్ణ. తెనాలి రామకృష్ణుడి పేరు పెట్టడంలోనే ఉద్దేశం తెలుస్తుంది: మంత్రానికి ఎదురు మంత్రం వేసేవాడు రాలేదు, తెలివితో నిలదీసేవాడు వచ్చాడు. అతను శాపాన్ని నమ్మి వెనుదిరగడు, కొట్టిపారేసి ఊరుకోడు. సాక్ష్యంగా తీసుకుంటాడు.

శాపాన్ని నమ్మేయడానికీ సాక్ష్యంగా తీసుకోవడానికీ ఉన్న ఆ తేడా కళకే పరిమితమైన సంగతైతే ఇంత పట్టింపు అక్కరలేదు. విశాఖ మన్యంలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని, అందులోనూ ముసలివాళ్ళని, చంపిన ఘటనలు నిజంగా జరిగాయి. చేతబడి నిజమని, చేసినవాడిని మట్టుబెడితే కథ సుఖాంతమని చూపే చిత్రం ఆ అనుమానానికి ఊతమిస్తుంది. ఒక జ్వరాన్నీ ఒక చావునూ తీసుకుని చిల్లంగి అన్న మాట మొదట ఎవరి నోట వచ్చింది, ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య పొలం గట్టు తగాదా ఏమిటి అని వెతికే కథ దాన్ని విప్పుతుంది. జానపద కథలోని చీకటిని అరువు తెచ్చుకోవడం తేలిక, పొగ, పసుపు కుంకుమలు, పుర్రె ఉంటే చాలు. ఆ కథ వాడిన ఓపికను తెచ్చుకోవడం కష్టం.

ఇక ముగింపు సంగతి. బాలనాగమ్మ కథలో చిలుక గొంతు నులమగానే ఫకీరు కూలుతాడు, రాళ్ళు మళ్ళీ మనుషులై లేస్తాయి. నష్టమంతా తిరిగివచ్చే ఈ ముగింపును నేటి నేరకథ వాడుకోలేదు, కాలిన బోట్లు లేచి నిలబడవు. కాని ఉత్తరాంధ్ర దగ్గర రెండో రకం ముగింపు కూడా ఉంది, పేరంటాళ్ళ కథల్లో. అకాలంగానో అన్యాయంగానో పోయిన ఆడమనిషి ఆ కథల్లో బతికిరాదు. ఊరే ఆమెకు చిన్న గుడి కట్టి, ఆమె పేరు చివర పేరంటాలు అని చేర్చి, ఏటా ఆమెకు జరిగింది జరిగినట్టు పాడించుకుంటుంది. ఎవరు ఏమన్నారో, ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారో అంతా పాటలో ఉంటుంది. వంతకాడు ప్రతిసారీ అవే ప్రశ్నలు అడుగుతాడు, ఆమె కడుపున పుట్టినవాళ్ళ మనవలు ముందు వరసలో కూర్చుని వింటారు.