సీ బ్యాచ్‌లో ఎవరు కూర్చోవాలి?

గోడకు అంటించిన కాగితం ఫొటో ఒకటి ఈ వారం ఈ కాలమిస్టు ఫోనుకు వచ్చింది. ఒక ఉన్నత పాఠశాల పదో తరగతి జాబితా అది. సమ్మేటివ్ పరీక్షలో వచ్చిన మొత్తం మార్కుల్ని బట్టి పిల్లల్ని ఏ, బీ, సీ బ్యాచ్‌లుగా విడగొట్టారు. సీ బ్యాచ్ పేర్ల కింద ఎర్ర సిరా గీతలు. వీళ్లకు బడి వదిలాక రోజూ గంటన్నర ప్రత్యేక తరగతులు, పరీక్షలు అయ్యేదాకా. ఫొటో పంపింది ఆ పిల్లల్లో ఒకడి తల్లి. “మావాడికి తెలుగులో, సోషల్‌లో మంచి మార్కులే వచ్చాయండీ. పోయింది లెక్కల్లో. ఇప్పుడు అన్ని సబ్జెక్టులకీ కూర్చోమంటున్నారు” అని రాశారామె.

మార్కుల వరుసలో పిల్లల్ని గదులుగా పంచడమంటే ఈ శీర్షికకు ఎప్పటి నుంచో పడదు. పాత పాఠకులకు ఆ వాదన కంఠతా వచ్చి ఉంటుంది. కింది సెక్షన్‌కు చేరిన పిల్లవాడికి మంచి టీచరు దొరకరు, కాస్త బరువైన పాఠం దొరకదు, పక్కన కూర్చుని చెప్పిపెట్టే నేస్తం కూడా దొరకడు. అమెరికాలో జీనీ ఓక్స్ అనే పరిశోధకురాలు 25 పాఠశాలలను పరిశీలించి 1985లో ‘కీపింగ్ ట్రాక్’ అనే పుస్తకం వెలువరించారు. పై వరుస పిల్లలకు ఆలోచించే పని, కింది వరుస పిల్లలకు వల్లెవేసే పని దక్కుతున్నాయని ఆమె చూపించారు. ఆ పుస్తకం ఏ గుంటూరు గురించో, ఏ వరంగల్ గురించో రాసినా పెద్దగా మార్చాల్సింది ఉండేది కాదు.

మన సీ బ్యాచ్‌లో జరిగే పని టీచర్లందరికీ తెలుసు. అది 35 మార్కుల వేట. లెక్కల్లో గ్రాఫు, నిర్మాణాలు, సైన్సులో బొమ్మలు, సోషల్‌లో పటంలో గుర్తించడం. హిందీలో 20 వస్తే చాలు కాబట్టి దాని జోలికి ఎక్కువగా పోరు. పరీక్షకు కొద్ది నెలలే మిగిలి, పక్కనే మండలం మొత్తం ఉత్తీర్ణత శాతాల పట్టిక కూడా పెట్టుకున్న టీచరు అంతకన్నా ఏం చేయగలరు? వాళ్లు తమ సాయంత్రాలు ధారపోసి ఎంతోమందిని గట్టెక్కిస్తున్నారు. గట్టెక్కిన పిల్లవాడికి ఐటీఐ తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి ఆ 35ను తక్కువ చేయడం ఈ శీర్షిక ఉద్దేశం కాదు.

ఆ తల్లి మాటలో పట్టుకోవాల్సింది ‘అన్ని సబ్జెక్టులకీ’ అన్న చోట. మొత్తం మార్కులు పిల్లవాడు ఏ వరుసలో ఉన్నాడో చెబుతాయి గానీ, వాడికి ఏం రాదో చెప్పవు. తూము ఎక్కడ పూడుకుపోయిందో చూడకుండా కాలువకు ఇంకాస్త నీళ్లు వదిలినట్టుంటుంది, అందరికీ ఒకే గంటన్నర.

కృష్ణా డెల్టాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఈ కాలమిస్టుకు తొమ్మిదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారిని ఇక్కడ తలుచుకోక తప్పదు. సుద్దముక్క చేతికివ్వకముందే ప్రశ్నను మూడుసార్లు పైకి చదివించే మాస్టారని ఆయన గురించి ఈ శీర్షికలో ఇదివరకు వచ్చింది. ఆ ఏడాది త్రైమాసిక పరీక్షలో ఇద్దరికి సరిగ్గా ఒకే మార్కులు వచ్చాయి, 22. ఒకడు రైస్‌మిల్లులో కాటా వేసే మనిషి కొడుకు. ఇంకొకరు పోస్టుమాస్టరు గారి అమ్మాయి. ఇవాళైతే ఇద్దరి పేర్లూ ఒకే జాబితాలో ఒకదాని కింద ఒకటి ఉండేవి. మాస్టారు ఇద్దర్నీ సాయంత్రం ఉండమని, ఒక్కొక్కర్నీ విడివిడిగా పిలిచారు. బయట సైకిల్ దగ్గర నిలబడి ఎదురుచూస్తున్న మిగతావాళ్లకు లోపలి మాటలు వినపడుతూనే ఉన్నాయి.

“పుస్తకం మూసెయ్యరా. నోటితో అడుగుతా, నోటితోనే చెప్పు. బస్తా డెబ్బయ్యైదు కిలోలు. ఇరవై నాలుగు బస్తాలు ఎంత?”

“పద్దెనిమిది క్వింటాళ్లు మాస్టారూ.”

“నూటికి రెండు చొప్పున తరుగు తీస్తే?”

“ముప్ఫయ్యారు కిలోలు పోతాయండి.”

కాగితం, కలం అక్కర్లేకుండానే చెప్పేశాడు. తర్వాత పరీక్ష పేపరులోని ప్రశ్న తీసి చదవమన్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. వత్తులు వచ్చిన చోటల్లా కుర్రాడు ఆగిపోతున్నాడు. ‘అయినచో’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి వాక్యం మొదట్లో ఏముందో మరిచిపోతున్నాడు. వాడికి లెక్క వచ్చు, ప్రశ్నే రాదు. అమ్మాయి సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంది. ప్రశ్నను గడగడా చదివింది. సగం, మూడో వంతు కలిపితే ఎంతమ్మా అంటే, పై అంకెలు రెండూ, కింది అంకెలు రెండూ విడివిడిగా కూడి అయిదింట రెండు అంది. సగం కన్నా అయిదింట రెండు తక్కువ కదా, కలిపితే తగ్గుతుందా అని అడిగితే తెల్లబోయింది.

మాస్టారు చేసిన ఏర్పాటు ఆ రోజుల్లో మిగతావాళ్లకు వింతగా తోచింది. కుర్రాణ్ని లెక్కల ప్రత్యేక తరగతికి రానివ్వలేదు. పొద్దున్నే మొదటి గంటకు ముందు తెలుగు మాస్టారి దగ్గరికి పంపారు, దినపత్రిక పైకి చదవడానికి. ముందు శీర్షికలు, తర్వాత ధరల పట్టిక పక్కనుండే చిన్న వార్తలు, ఆ తర్వాత సంపాదకీయం. అమ్మాయికి ఆరో తరగతి భిన్నాల పాఠంలో చిన్నపిల్లలకు కాగితపు పట్టీలు మడిచి చూపించే పని అప్పగించారు. అది సాయం చేస్తున్నట్టే కనిపించింది గానీ, నేర్చుకున్నది ఎక్కువగా తనే. మధ్యమధ్య మాస్టారు ఇద్దర్నీ మళ్లీ పిలిచి అడుగుతూనే ఉన్నారు. అమ్మాయిని దీపావళి కల్లా వదిలేశారు. కుర్రాడు సంక్రాంతి దాకా వెళ్లాడు.

ఈ పాత కథను ఇంత పొడుగ్గా చెప్పడానికి కారణముంది. ఆ కుర్రాడి లాంటివాళ్లు ఇప్పటికీ కొల్లలు. ప్రథమ్ సంస్థ 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద 2023లో జరిపిన ‘అసర్’ సర్వేలో, సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని ధారాళంగా చదవలేనివారు దాదాపు నాలుగో వంతు తేలారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43 శాతమే. చదవడం రానివాళ్లు, భాగహారం రానివాళ్లు అనే ఈ రెండు గుంపుల్లో కొంతమంది ఇటూ అటూ ఉంటారు, కొంతమంది ఒకవైపే ఉంటారు. మార్కుల పట్టికలో మాత్రం అందరూ ఒక్కలాగే కనిపిస్తారు.

ఇక్కడిదాకా వచ్చాక జాబితాలూ వద్దు, వేరు గదులూ వద్దు అనే పాత మాటే మళ్లీ అనాలి. కానీ మాస్టారు చేసింది కూడా విడదీయడమే. పరిశోధనలు కూడా అటే మొగ్గుతున్నాయి. ముంబయి, వడోదర బడుల్లో ప్రథమ్ నడిపిన ‘బాల్‌సఖీ’ కార్యక్రమాన్ని 2001-03 మధ్య అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరీక్షించింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని ఓ ఇరవై మంది చొప్పున రోజుకు రెండు గంటలు, బడి వేళల్లోనే, ఆ బస్తీకే చెందిన ఒక యువతి దగ్గరికి పంపారు. వాళ్ల చదువు స్పష్టంగా మెరుగుపడింది. వాళ్లు బయటికి వెళ్లడంతో తరగతిలో పిల్లల సంఖ్య తగ్గింది కదా, మిగిలినవాళ్లకూ లాభం కలిగిందా అని చూస్తే, ఏమీ లేదు. తరగతి పలచబడటం వల్ల కాదు, పిల్లవాడి స్థాయికి దిగి చెప్పడం వల్లే ఫలితం వచ్చిందన్నమాట. ఆ ఇద్దరు ఆర్థికవేత్తలకూ, మైకేల్ క్రెమర్‌కూ 2019లో నోబెల్ వచ్చింది.

బాల్‌సఖీ చిన్న తరగతులది కదా అనేవారికి షికాగో ఉంది. 2003లో అక్కడి ప్రభుత్వ హైస్కూళ్లు ఒక నిబంధన పెట్టాయి. ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షలో జాతీయ మధ్యస్థాయి కన్నా తక్కువ వచ్చిన పిల్లలు తొమ్మిదిలో రోజుకు ఒకటి కాదు, రెండు పీరియడ్లు బీజగణితం చదవాలి. గీతకు కాస్త కింద ఉన్నవాళ్లనూ, కాస్త పైన ఉన్నవాళ్లనూ పరిశోధకులు ఏళ్ల తరబడి పోల్చి చూశారు. మొదట్లో పాస్ శాతాల్లో గొప్ప మార్పేమీ కనపడలేదు. కాలం గడిచాక చూస్తే, రెండు పీరియడ్లు చదివినవాళ్లలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లూ, కాలేజీలో చేరినవాళ్లూ ఎక్కువమంది ఉన్నారు. అందరికన్నా ఎక్కువ మేలు పొందింది ఎవరంటే, చదవడంలో వెనకబడిన పిల్లలు! ఆ రెండో పీరియడ్‌లో లెక్కను మాటల్లో విడమర్చి చెప్పడానికీ, పిల్లల చేత చెప్పించడానికీ వ్యవధి దొరికింది. డెల్టా మాస్టారికి ఈ ఫలితం చూపిస్తే ఆశ్చర్యపోయేవారు కాదు.

కాబట్టి ప్రత్యేక తరగతి ఉండాలి. అది ఇప్పుడున్నదానికన్నా ఎక్కువసేపు ఉండాలి. బడి వేళల్లోనే ఉండాలి, చివరి బస్సు కోసం కిటికీలోంచి చూసుకుంటూ కాదు. ఈ మాట ఈ శీర్షికలో వస్తుందని కొందరు పాఠకులు ఊహించి ఉండరు.

విడదీయడం ఎక్కడ చెడుతుందో ఢిల్లీ చూపించింది. 2016లో మొదలైన ‘చునౌతీ’ పథకంలో ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లల్ని స్థాయిని బట్టి గుంపులుగా చేశారు. తొమ్మిదిలో రెండుసార్లో, అంతకన్నా ఎక్కువసార్లో తప్పినవాళ్లను ‘విశ్వాస్’ అనే గుంపులో పెట్టి, దూరవిద్య బడి ద్వారా పది రాయమన్నారు. వాళ్లలో చాలామంది గట్టెక్కలేకపోయారు. అందరికన్నా ఎక్కువగా టీచరు అవసరం ఉన్న పిల్లలు టీచరుకు అందరికన్నా దూరంగా పోయారు. ఆ తలుపు ఒకవైపే తెరుచుకునేది. ఒకసారి ఆ గుంపులో పడ్డ పిల్లవాడు మళ్లీ మామూలు తరగతికి ఎలా వస్తాడన్న ప్రశ్నకు జవాబు లేకపోయింది.

ఇంకొక సంగతి, సమయం. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. 2019 సవరణ ప్రకారం ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవారికి అదనంగా బోధించి, రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. తొమ్మిదిలోకి అడుగుపెట్టిన పిల్లవాడికి అలాంటి హామీ ఏదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పదో తరగతి ఫలితాలు 67.26 శాతం దగ్గర ఆగి, సుమారు రెండు లక్షల మంది తప్పినప్పుడు అందరూ ప్రశ్నపత్రాల గురించీ, మూల్యాంకనం గురించీ మాట్లాడారు. ఆ పిల్లలు కోవిడ్ వల్ల బడులు మూతపడి, ఎనిమిదో తరగతి చివర్లోనూ, తొమ్మిదిలో చాలా నెలలూ ఫోను తెర ముందు గడిపినవాళ్లు. బడులు తెరిచిన రోజు ఎవరికి ఏం మిగిలిందో కూర్చోబెట్టి అడిగి ఉంటే, పదిలో ఎవరికి ఏ సాయం కావాలో ముందే తెలిసేది.

అడగడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. జూన్‌లో బడి తెరిచాక ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరి చేత ఒక పేరా పైకి చదివించాలి. ఒక భాగహారం, ఒక భిన్నాల లెక్క చేయించాలి, ఎలా చేశారో నోటితో చెప్పించాలి. పిల్లవాడికి పావుగంట వేసుకున్నా 40 మంది ఉన్న తరగతికి 10 గంటలు. నలుగురు టీచర్లు పంచుకుంటే వారంలో అయిపోతుంది. అప్పుడు తయారయ్యే జాబితాలో ప్రతి పేరు పక్కన మార్కుకు బదులు రాని పని ఉంటుంది. మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ ఉంటుంది. దాన్ని గోడకు అంటించాల్సిన పని ఉండదు.

కష్టమంతా ఆ తర్వాతే. రోజూ ఒకే టీచరు, అదే పిల్లలతో, వెంటవెంటనే రెండు పీరియడ్లు అనే అమరిక షికాగో బడులకే టైంటేబుల్ తలనొప్పి తెచ్చింది. లెక్కల స్కూల్ అసిస్టెంట్ ఒక్కరే ఉన్న మన హైస్కూల్లో ఆ రెండో పీరియడ్ ఎక్కడి నుంచి తెస్తారు? చదవడం రానివాళ్ల గుంపును మొదట తెలుగు టీచరుకు అప్పగిస్తే, లెక్కల టీచరు మీద పడే భారం అంతమేరకు తగ్గుతుంది. తెలుగు టీచరు పీరియడ్లలో దానికి చోటు కావాలి. ప్రధానోపాధ్యాయులు జూన్‌లో టైంటేబుల్ గీసేటప్పుడు పదో తరగతితో మొదలుపెడతారు. ఎనిమిదితో మొదలుపెట్టి, ముందు ఈ పీరియడ్లకు గడులు కేటాయించి, మిగతావి తర్వాత నింపాలి.