పోయిన సర్వర్ పేరు తీసేయడం

ఆఫీసులో ల్యాప్‌టాప్ తెరవగానే నెట్ వస్తుంది. ఆ కాసేపట్లోనే మెషిన్ తనకో అడ్రస్ కావాలని నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా అడుగుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ ఖాళీగా ఉన్న ఐపీ అడ్రస్ ఒకటి చూపిస్తుంది. మెషిన్ సరేనంటుంది, సర్వర్ ఖాయం చేస్తుంది. 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2131లో రాసిపెట్టిన ఈ పద్ధతే ఇవాళ్టికీ నడుస్తోంది. ఇందులో లోటు ఒకటుంది. జవాబిచ్చింది అసలు సర్వరో కాదో అడిగిన మెషిన్‌కు తెలియదు.

అందుకని మైక్రోసాఫ్ట్ విండోస్ 2000తో ఒక కాపలా పెట్టింది. డొమైన్‌లో ఉన్న విండోస్ సర్వర్ అడ్రసులు పంచాలంటే దాని పేరు, ఐపీ యాక్టివ్ డైరెక్టరీలోని అనుమతి జాబితాలో ఉండాలి. లేకపోతే అది ఎవరికీ జవాబివ్వదు. బజార్లో కొని తగిలించిన చిన్న రౌటర్‌ను ఈ కాపలా ఆపలేదు, దానికి స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టుకోవాలి.

నా బాధంతా ఆ జాబితా గురించే. పేరు ఎక్కించేటప్పుడు అందరికీ శ్రద్ధ ఉంటుంది, ఎక్కించకపోతే పని జరగదు కాబట్టి. తీసేయడం ఎవరికీ గుర్తుండదు. పాత సర్వర్ చెడిపోతుంది, ర్యాక్‌లోంచి ఊడదీస్తారు, వర్చువల్ మెషిన్ అయితే చెరిపేస్తారు. దాని పేరు మాత్రం జాబితాలో అలాగే ఉండిపోతుంది.

ఉంటే ఏం నష్టమని అడుగుతారు. పైకి పెద్దగా ఏమీ కనిపించదు. జాబితాలోని సర్వర్లన్నిటినీ పలకరించే స్క్రిప్టు చచ్చిన దాని దగ్గర ఆగిపోతుంది. అది చిన్న విషయం. అసలు ప్రమాదం ఐపీలో ఉంది. సర్వర్ లేచినప్పుడు తన ఐపీ జాబితాలో ఉందా లేదా అని చూసుకుంటుంది. పాత సర్వర్ ఐపీని రేపు ఎవరైనా ఒక టెస్ట్ మెషిన్‌కిచ్చి, దానిమీద డీహెచ్‌సీపీ రోల్ వేస్తే, ఎవరూ ఇవ్వని అనుమతి దానికి దక్కుతుంది. మనుషులు వెళ్లిపోయినా వాళ్ల తాళంచెవి గుమ్మానికే వేలాడుతున్నట్టు.

తీయడానికి నెట్‌ష్‌లో గానీ పవర్‌షెల్‌లో గానీ ఒక్క కమాండ్ చాలు. మామూలుగా ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్ హక్కు కావాలి, పేరూ ఐపీ రెండూ జాబితాలో ఉన్నట్టే ఇవ్వాలి. అలా కుదరకపోతే ఏడీఎస్ఐ ఎడిట్ తెరిచి, కాన్ఫిగరేషన్ విభాగంలో సర్వీసెస్ కింద నెట్‌సర్వీసెస్‌లోకి వెళ్లి, ఆ సర్వర్ పేరున్న ఎంట్రీని చెరపాలి. పక్కనే డీహెచ్‌సీపీరూట్ అని ఒకటి ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. ఆ విభాగం ఫారెస్ట్‌లోని డొమైన్ కంట్రోలర్లన్నిటికీ కాపీ అవుతుంది కాబట్టి ఇక్కడ చెరిపింది ప్రతి బ్రాంచిలోనూ చెరిగిపోతుంది.

బతికున్న సర్వర్ పేరు పొరపాటున తీసేస్తే? ఇది కుర్రాళ్లకు తప్పక చెప్పాల్సిన సంగతి. ఆఫీసు ఆ పూటే ఆగిపోదు. అడ్రస్ వాడుకునే గడువు, అంటే లీజు, డిఫాల్ట్‌గా 8 రోజులు. లీజు చేతిలో ఉన్న మెషిన్ సగం గడువుకు, అంటే నాలుగో రోజున, పొడిగించమని సర్వర్‌ను అడుగుతుంది. జవాబు రాకపోయినా పాత అడ్రస్‌తోనే నడుస్తుంది. ఏడో రోజున ఏ సర్వరైనా సరే ఇమ్మని అందరినీ అడగడం మొదలుపెడుతుంది. ఇంకో సర్వర్ లేకపోతే ఎనిమిదో రోజుతో అడ్రస్ పోతుంది, 169.254తో మొదలయ్యే అడ్రస్ తగిలించుకుని మూలన కూర్చుంటుంది. అప్పటికి వారం కిందటి కమాండ్ ఎవరికీ గుర్తుండదు. కొత్తగా వచ్చిన మెషిన్లు మాత్రం ముందే గొడవ చేస్తాయి. వాటి ఫిర్యాదును వైఫై సమస్య అని కొట్టిపారేయకండి.

కాబట్టి కమాండ్ కొట్టేముందు సర్వర్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. దాని ఐపీని పింగ్ చేసి ఊరుకుంటే చాలదు, ఫైర్‌వాల్ వెనక ఉన్న సర్వర్ పింగ్‌కు పలక్కపోవచ్చు. మెషిన్లు అడిగిందాన్ని సర్వర్‌కు చేరవేసే రిలే, రౌటర్లలో ఆ ఐపీకి పంపుతోందేమో చూడాలి. పంపుతుంటే ముందు దాన్ని మార్చాలి.

ఇంకా మేలైన దారి, సర్వర్ బతికుండగానే ఇదంతా చేయడం. స్కోపులు, అంటే పంచే అడ్రసుల వరుసలు, కొత్త సర్వర్‌కు మార్చి, రిలేలు తిప్పి, ఒక లీజు గడువు పూర్తిగా ఆగి, ఆ తర్వాత అనుమతి తీసి, చివర్లో పవర్ ఆపాలి. నాకు చేతనైతే ప్రతి ఆఫీసులో సర్వర్ విరమణ ఫారంలో అనుమతి తీసినవారి సంతకానికి ఒక గడి పెట్టిస్తాను, పవర్ ఆపే గడికి పైన.