మత్తు - మస్తు: ఒక ధాతువు, రెండు త్రోవలు

మాదకపదార్థములను వర్ణించుటకు ఆంగ్లమున వాడెడి ‘ఇన్‌టాక్సికేటింగ్’ అను విశేషణమునకు ‘మత్తు కలిగించునది’ అని అర్థము వ్రాయుట మన అనువాదకులకు పరిపాటి. వ్యవహారమునకు అది చాలును. కాని ఆ రెండు మాటల పుట్టుకను విచారించినచో అవి వేఱువేఱు భావములనుండి వెలువడినవని తేలుచున్నది.

గ్రీకున ‘టాక్సన్’ అనగా విల్లు. బాణముల మొనలకు పూసెడి విషము ‘టాక్సికాన్’. లాటిను ద్వారా ఆంగ్లమును చేరిన ఈ శబ్దమునకు మొదట విషప్రయోగమే అర్థము. పానపరమైన అర్థము తరువాతిది. మన ‘మత్తు’నకు మూలమైన ‘మద్’ ధాతువునకు ధాతుపాఠము చెప్పిన అర్థమో, హర్షము. మద్యము, మదిర, మదనుడు, ఉన్మాదము, తుదకు ‘ఏమఱుపాటు’ అను అర్థముతో బయలుదేఱిన ‘ప్రమాదము’ సైతము ఈ ధాతువునకు పుట్టినవే. ద్రావిడభాషల తీరును ఇట్టిదే. మన ‘కల్లు’ తమిళమున ‘కళ్’. దానికి చుట్టమైన ‘కళి’ అను క్రియకు ఆనందించుట, త్రాగి మైమఱచుట రెండును అర్థములే. ఆంగ్లములోని మఱియొక విశేషణము ‘హెడీ’ శిరోవాచకమునుండి పుట్టినది. మన ‘తలకెక్కు’నకు అది సరిజోడు. కల్లు తలకెక్కును, కలిమి తలకెక్కును. అష్టమదములలో విద్యామదము కూడ ఉన్నదని అధ్యాపకులమైన మనము మఱవరాదు.

ఈ హెచ్చరిక మొదట మాకే వర్తించును. కొన్నియేండ్ల క్రిందట తొర్రూరు ప్రాంతపు విద్యార్థి యొకడు సమర్పించిన వ్యాసములో ‘మస్తు’ అను మాటను మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, పైన ‘మిక్కిలి’ అని దిద్దితిమి. “సార్, మత్తు పనికొచ్చినప్పుడు మస్తు ఎందుకు పనికిరాదు సార్?” అని అతడు అడిగెను. అది తురకమాట యని చెప్పి పంపివేసితిమి. తొర్రూరు వరంగల్లు జిల్లాలో ఉన్నప్పుడును, 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరిన పిమ్మటను, అచ్చటి జనులు ‘మస్తు మంది వచ్చిన్రు’ అనుచునే యున్నారు. మా సమాధానము సగమే నిజము.

‘మస్తు’ ఉర్దూనుండి వచ్చిన మాట యనుట సత్యమే. 1948 వఱకు సాగిన నిజాము పాలనలో ఉర్దూ రాజభాషగా ఉండుట దాని వ్యాప్తికి తోడ్పడియుండును. ఉర్దూకు అది పారసీక మిచ్చిన సొమ్ము. ఆ భాషలో ‘మస్త్’ అనగా మత్తిల్లినవాడు. అయితే పారసీకమున కది ఎక్కడిది? దంత్యాంత ధాతువుమీద ‘త’ ప్రత్యయము చేరినపుడు సంస్కృతమున ద్విత్వమును, ఇరానీ భాషలలో ‘స్త’ యును ఏర్పడుట నియమము. సంస్కృతమున ‘బద్ధ’ యైనది పారసీకమున ‘బస్త’. మన ధాన్యపు బస్తా అదియే. అట్లే ‘మద్’ ధాతువు ఇచ్చట ‘మత్త’ యైనది, అచ్చట ‘మస్త్’ అయినది. ఏనుగు మదమును ఆంగ్లేయులు ‘మస్త్’ అని పిలుచుట ఈ పారసీక పదముతోనే. తొర్రూరునకు చేరువలోని బమ్మెర పోతనామాత్యుడు గజేంద్రమోక్షమున వర్ణించిన మదగజములకును, సంతలో వినబడు ‘మస్తు’నకును ఈవిధముగా దాయాదిత్వము కలదు. మేము పరభాషాపదమని వెడలగొట్టినది మత్తునకు తోబుట్టువు.

అర్థపరిణామము ఇంతకంటె చిత్రమైనది. సంస్కృతమునుండి నేరుగా వచ్చిన ‘మత్తు’ వాడుకలో నిద్రవైపు ఒఱగినది. నిద్రమత్తు అందుము, శస్త్రచికిత్సకు ముందిచ్చునది మత్తుమందు. ‘మత్తెక్కించు చూపు’ అను కవుల వాడుకలో పాత హర్షము కొంత మిగిలియున్నది. పరదేశము తిరిగివచ్చిన ‘మస్తు’ మాత్రము త్రాగుడును విడిచి ఉల్లాసమును నిలుపుకొని, అచ్చటనుండి సమృద్ధికి ప్రాకినది. కనుక ధాతువులోని హర్షము పండితులు మన్నించిన మాటకంటె వారు త్రోసిపుచ్చిన మాటలోనే హెచ్చుగా నిలిచినదని మా అభిప్రాయము.

‘నిషా’, ‘కైపు’ల కథ వేఱు, అవి అరబ్బీ మూలములు. ఈ ‘నిషా’ను రాత్రివాచకమైన ‘నిశ’తో ముడిపెట్టు వ్యుత్పత్తి విద్యార్థుల వ్రాతలలో అప్పుడప్పుడు కనబడుచున్నది, అది త్యాజ్యము.

ఇక నిఘంటువులలో ‘మస్తు’ చెంత ‘అన్యదేశ్యము’ అని మాత్రమే గుర్తు వేసి ఊరకుండుట చాలదు. ‘మత్త’ శబ్దమును దానిప్రక్కన చూపవలెను. ఆ విద్యార్థి వ్యాసములో మేము దిద్దిన ‘మిక్కిలి’ని తీసివేయుమని అతనికి ఉత్తరము వ్రాసితిమి.